రాధామనోహరం గింజలూ, మా అత్తగారి నొప్పీ

రాధామనోహరం తీగ తెలియనివాళ్ళు మనలో ఎవరూ ఉండరనుకుంటాను. గేటు మీదకో, మేడమెట్ల పక్కనుంచి డాబా మీదకో పాకించుకుంటాం. సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీరంగులోకి తిరుగుతుంది, ఆ పై రోజుకి ఎర్రబడుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనపడతాయి. తెల్లగా ఉన్నప్పుడు రాత్రిపూట తిరిగే చిమ్మటలు వస్తాయి, రంగు తిరిగాక పగటిపూట తేనెటీగలూ సీతాకోకచిలుకలూ వస్తాయి. మన ఇళ్ళలో పూలే గాని కాయలు చాలా అరుదు. కాస్తే మాత్రం అయిదు పలకలుగా, ఎండిన గోధుమరంగు కాయలుంటాయి. వాటిలో గింజలుంటాయి.

ఆ గింజల్లో ఉన్న ఒక పదార్థం గురించి ఈసారి రాస్తున్నాను. దాని పేరు క్విస్క్వాలిక్ ఆసిడ్. నోరు తిరగని పేరని పారిపోకండి! తెలుగు బి.ఏ. చదువుకున్న నాకే అర్థమయిందంటే మీకు ఇంకా బాగా అర్థమవుతుంది. అసలు ఇలాంటి పేరు మా వంటింట్లోకి రావడానికి కారణం మా అత్తగారి నొప్పి. అందుకని ముందు ఆ సంగతి చెప్పాలి.

రెండేళ్ళ క్రితం మా అత్తగారికి సర్పి వచ్చింది. ఆవిడకి డెబ్భై నాలుగేళ్ళు. ఎడమపక్క, వీపు దగ్గర మొదలుపెట్టి రొమ్ము కిందిదాకా, పట్టీ కట్టినట్టు నీటిపొక్కులు. ఎవరో చెప్తే జాజు పూయించుకున్నారు. నాలుగో రోజున డాక్టరుకి చూపించాం, మందులిచ్చారు. మూడు వారాలకి పొక్కులు మాడి, చెక్కులు రాలి, మచ్చలు మాత్రం మిగిలాయి. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకున్నాం.

పొక్కులైతే పోయాయి గాని నొప్పి పోలేదు. నెల, రెండు నెలలు, నాలుగు నెలలు... అలాగే ఉంది. జాకెట్టు వేసుకోలేరు. కొంగు ఎడమ భుజం మీద నుంచి తీసి కుడివైపు చుట్టుకునేవారు. ఫ్యాను గాలికి చీర కదిలితే చాలు, మొహం ముడుచుకుపోయేది. మా మావయ్యగారి పాత పంచె, ఉతికి ఉతికి మెత్తగా అయిపోయినది, చింపి వదులుగా ఒక జాకెట్టు కుట్టాను. ఇంట్లో అదే తొడుక్కునేవారు. బయటికి వెళ్ళాలంటే జాకెట్టు తప్పదు కదా, అందుకని పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళడం మానేశారు. గుడికి కూడా మానేశారు.

నొప్పి ఉన్న చోటు కూడా ఎలాంటిదంటే, కొడుకులకి చూపించలేరు. ఇక్కడా అని చెయ్యి పెట్టి చెప్పలేరు. మగ డాక్టరు దగ్గర సగం సగం చెప్పి ఊరుకునేవారు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ సంగతి మీకు తెలియంది కాదు.

ఇక చుట్టాలు. వచ్చినవాళ్ళందరూ ముందు మచ్చలు చూసేవారు. "పూర్తిగా తగ్గిపోయిందే పిన్నీ! ఇంకా ఏవిటి నొప్పి?" అనేవారు. ఒకావిడ అయితే స్వయంగా వేలితో గట్టిగా అదిమి చూసింది. అత్తగారు ఏమీ అనలేదు. "చూశారా, అదిమితే లేదు. అంతా మనసులోది" అని తేల్చేసింది. నిజమే, గట్టిగా అదిమితే ఆవిడకి అంత బాధ ఉండదు. తేలిగ్గా తగిలితేనే ప్రాణం పోతుంది. పూచిక లాంటిది రాసుకున్నా, వెంట్రుక ఒకటి జారి పడినా ఉలిక్కిపడతారు. వినేవాళ్ళకి ఇది అబద్ధంలా వినపడుతుంది. గట్టిగా అదిమితే లేని నొప్పి గాలి తగిలితే ఎలా వస్తుంది?

ఒక డాక్టరుగారు కూడా ఆ మాటే ఇంకో రకంగా అన్నారు. "వయసు కదమ్మా, టీవీ చూస్తూ మనసు మళ్ళించుకోండి" అన్నారు. ఆ రోజు ఆటోలో తిరిగొస్తూ మా అత్తగారు ఒక్కటే మాట అన్నారు. "గాయం ఉంటే బాగుండునమ్మా. చూపించడానికి ఏదో ఒకటి ఉండేది."

మా అమ్మాయి ఫార్మసీ చదువుతోంది. సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు నానమ్మ మంచం మీద కూర్చుని ఈ సంగతులన్నీ విని, "గట్టిగా అదిమితే ఫరవాలేదా? తేలిగ్గా తాకితేనే నొప్పా? నానమ్మా, నువ్వు చెప్పేది అచ్చం మా పుస్తకంలో ఉన్నట్టే ఉంది" అంది. ఆవిడ మొహం చూడాలి! ఇన్నాళ్ళకి తన మాట ఒక పుస్తకంలో ఉందంటే ఎవరికైనా అలాగే ఉంటుంది కదా.

ఆ సెలవుల్లో అది నాకు చెప్పినవీ, ఆ తర్వాత నేను అడిగి అడిగి తెలుసుకున్నవీ ఇక్కడ రాస్తాను. నాకు అర్థమైన మాటల్లోనే రాస్తాను.

మన చేతికి నిప్పు తగిలిందనుకోండి. ఆ కబురు చర్మంలోని నరం మోసుకుని వెన్నుపాము దాకా వెళ్తుంది. అక్కడ ఆ నరం ఆగిపోతుంది. అక్కణ్ణించి మెదడుకి కబురు మోసే నరకణం వేరే ఉంటుంది. ఈ రెంటికీ మధ్య సన్నని ఖాళీ. ఆ ఖాళీ దాటడానికి మొదటి నరం ఒక రసాయనాన్ని విడుదల చేస్తుంది. అదే గ్లూటమేట్. అది వెళ్ళి రెండో కణం మీద ఉన్న రిసెప్టర్లని తాకుతుంది. రిసెప్టరంటే తాళంకప్ప అనుకోండి, గ్లూటమేట్ తాళంచెవి. తాళం తెరుచుకుంటే కబురు ముందుకి పోతుంది, మనం "అబ్బా" అని చెయ్యి లాక్కుంటాం.

గ్లూటమేట్ అనగానే నేను ఎక్కడో విన్నట్టుందే అన్నాను. విన్నదే మరి! 1908లో జపాన్‌లో కికునాయె ఇకెడా అనే ప్రొఫెసరు, వాళ్ళు చారులో మరిగించే కొంబు అనే సముద్రపు నాచుకి ఆ రుచి ఎక్కణ్ణించి వస్తోందని వెతికి, గ్లూటమేట్‌ని పట్టుకున్నారు. దాన్ని ఉప్పుగా చేసి అమ్మినదే అజినోమోటో. టమాటాలో ఉన్న కమ్మదనంలో కూడా దాని పాలుంది. తల్లిపాలలో విడిగా ఉండే అమినో ఆమ్లాల్లో అన్నిటికంటే ఎక్కువ ఉండేది ఇదే. నాలుక మీద రుచి, వెన్నుపాములో నొప్పి కబురు, రెండూ ఒకటే పదార్థం. నాకు వెంటనే మన తెలుగు మాట ఒకటి గుర్తొచ్చింది. తీపు అంటే మనకి తియ్యదనం, కాళ్ళు తీపులు పెడుతున్నాయంటే నొప్పి. రెంటికీ ఒకే మాట వాడేవాళ్ళం మనం, చూశారా!

ఈ మాట వినగానే మా తోటికోడలు ఫోనులో, "అయితే ఫ్రైడ్ రైస్ తినడం వల్ల వచ్చిందా అత్తయ్యకి?" అంది. కాదు. తిన్న గ్లూటమేట్‌లో చాలా భాగాన్ని పేగులే ఖర్చు పెట్టేసుకుంటాయి. పైగా రక్తంలో తిరిగేది మెదడులోకీ వెన్నుపాములోకీ ఇష్టం వచ్చినట్టు చొరబడకుండా గట్టి కాపలా ఉంటుంది. నరాలకి కావలసిన గ్లూటమేట్‌ని అవే తయారు చేసుకుంటాయి. పాపం మా అత్తగారు ఫ్రైడ్ రైస్ మొహమే ఎరగరు.

ఇక రాధామనోహరం దగ్గరికి వద్దాం. చైనాలో ఈ గింజల్ని పిల్లల కడుపులో నులిపురుగులు పడడానికి మందుగా ఎన్నో వందల ఏళ్ళ నుంచీ వాడుతున్నారు. పురుగులు ఎందుకు పడతాయో చూద్దామని పరిశోధకులు ఆ గింజల్లోంచి అసలు పదార్థాన్ని బయటికి తీశారు. ఈ తీగకి అప్పటి శాస్త్రీయనామం క్విస్క్వాలిస్ ఇండికా కాబట్టి ఆ పదార్థానికి క్విస్క్వాలిక్ ఆసిడ్ అని పేరొచ్చింది. 1974లో షినోజాకీ అనే పరిశోధకుడూ ఆయన సహచరుడూ దాన్ని క్రేఫిష్ అనే మంచినీటి జీవి మీద, అంటే మన రొయ్యకి చుట్టం లాంటిదాని మీద, పరీక్షించారు. నరం కండని తాకే చోట అది గ్లూటమేట్ చేసే పనే చేసింది. గ్లూటమేట్ కంటే ఎన్నో రెట్లు బలంగా చేసింది.

అంటే ఏవిటన్నమాట? మొక్క తనే ఒక మారు తాళంచెవి తయారు చేసి పెట్టుకుంది. దాని రూపం గ్లూటమేట్‌కి దగ్గరగా ఉంటుంది కాబట్టి నరం మోసపోతుంది. జెరేనియం పూలరేకుల్లో కూడా ఇదే పదార్థం ఉంది. జపనీస్ బీటిల్ అనే పురుగు ఆ రేకులు తిని అరగంటలో కాళ్ళూ చేతులూ పడిపోయి వెల్లకిలా పడిపోతుంది. ఎందుకలా అని ఎన్నో ఏళ్ళు ఎవరికీ తెలియలేదు, 2011లో కారణం ఇదేనని తేల్చారు. మొక్కకి పరుగెత్తడానికి కాళ్ళు లేవు. తనని తినేవాళ్ళని ఆపడానికి ఇలాంటివి చేసుకుంటుంది.

శాస్త్రజ్ఞులకి ఈ మారు తాళంచెవులు పెద్ద ఉపకారం చేశాయి. ఎందుకంటే అప్పట్లో తాళాన్ని ఎవరూ కళ్ళతో చూడలేదు. గ్లూటమేట్ పడితే నరం స్పందిస్తోంది, అంతే తెలుసు. గ్లూటమేట్ అన్ని తాళాలకీ పడుతుంది కాబట్టి, దానితో ఎన్ని రకాల తాళాలున్నాయో తెలియదు. అలాంటప్పుడు ఒక్కొక్క తాళానికే బాగా పట్టే తాళంచెవులు కావాలి. ఒకటి ఎన్‌ఎండీఏ, ప్రయోగశాలలో చేసింది. రెండోది కైనిక్ ఆసిడ్, జపాన్ సముద్రపు ఎర్రనాచు లోంచి వచ్చింది. తమాషా ఏవిటంటే అది కూడా నులిపురుగుల మందే! మూడోది మన రాధామనోహరం గింజది. 1980ల మొదట్లో బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో జెఫ్ వాట్కిన్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడూ ఆయన తోటివారూ ఈ మూడు తాళంచెవుల పేర్లతోనే మూడు తాళాలకి పేర్లు పెట్టారు. ఒక తాళం పేరు అచ్చంగా క్విస్క్వాలేట్ రిసెప్టర్. తర్వాత ఈ గింజ మందు ఇంకో రకం తాళాన్ని కూడా తెరుస్తోందని తేలింది. దానికంటే కచ్చితంగా పట్టే ఆంపా అనే పదార్థాన్ని డెన్మార్క్‌లో తయారు చేశారు. అప్పణ్ణించి ఆ తాళాన్ని ఆంపా రిసెప్టర్ అంటున్నారు. పేరు మారింది గాని తాళం అదే. ఇప్పుడు మీకూ నాకూ స్టవ్ మీద గిన్నె కాలితే ఠక్కున కబురు మోసేది ఎక్కువగా ఈ ఆంపా తాళమే.

మరి ఎన్‌ఎండీఏ తాళం ఏం చేస్తుంది? మామూలప్పుడు దాని కన్నంలో మెగ్నీషియం అడ్డు పడి ఉంటుంది. చిన్నా చితకా కబుర్లకి అది తెరుచుకోదు. నొప్పి కబురు ఆగకుండా వస్తూనే ఉంటే మాత్రం ఆ అడ్డు తొలగిపోయి, కణంలోకి కాల్షియం జొరబడుతుంది. దానితో ఆ కణం తీరే మారిపోతుంది. ఇదివరకు గట్టిగా పిలిస్తే గాని పలకనిది, ఇప్పుడు గుసగుసకి కూడా ఉలిక్కిపడుతుంది. అంతేకాదు, మామూలు స్పర్శని మోసే నరాల కబురు కూడా నొప్పి దారిలోకి వెళ్ళిపోతుంది. 1983లో లండన్‌లో క్లిఫర్డ్ వూల్ఫ్ అనే ఆయన ఎలకల మీద పరిశోధన చేసి, గాయం తర్వాత నొప్పి పెరగడానికి చర్మం ఒక్కటే కారణం కాదు, వెన్నుపాము కూడా తీరు మార్చుకుంటుందని చూపించారు. ఈ మార్పుకి ఎన్‌ఎండీఏ తాళం తెరుచుకోవడం అవసరమని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

అత్తగారికి కొంగు తగిలితే మంట ఎందుకో ఇక్కడ నాకు తెలిసింది. బట్ట తగలడం నొప్పి కబురు కాదు, స్పర్శ కబురు. అది తప్పు దారిలోకి మళ్ళుతోంది. చర్మం మీద మెత్తగా కదిలే బట్టకి ఎక్కువగా స్పందించేవి ఆ స్పర్శ నరాలే కాబట్టి, కొంతమందికి వేలితో అదిమినప్పటి కంటే గాలికి కదిలే చీరకే బాధ ఎక్కువ. ఇది వైద్య పుస్తకాల్లో ఉన్న లక్షణం. చుట్టాలావిడ దేన్ని చూసి అబద్ధం అనుకుందో, తెలిసిన డాక్టరుకి అదే సాక్ష్యం!

ఇప్పుడు ఎలకల సంగతి. అమెరికాలో, మయామీలో రాబర్ట్ యెజియర్‌స్కీ అనే ఆయన బృందం 1990లలో క్విస్క్వాలిక్ ఆసిడ్‌ని ఒక చుక్కలో చిన్న వంతు, ఎలక వెన్నుపాములోకి సన్నని సూదితో ఎక్కించారు. ఆ చోట కొన్ని నరకణాలు గ్లూటమేట్ తాళాలు అదే పనిగా తెరుచుకుపోయి, ఆ ఒత్తిడి తట్టుకోలేక చచ్చిపోతాయి. వెన్నుపాముకి దెబ్బ తగిలినప్పుడు కూడా గ్లూటమేట్ ఒక్కసారిగా ఒలికిపోయి ఇలాగే జరుగుతుంది. అలాంటి దెబ్బ తిన్నవాళ్ళలో చాలామందికి ఏళ్ళ తరబడి నొప్పి మిగిలిపోతుంది. అది ఎందుకో, ఎలా తగ్గించాలో తెలుసుకోవడానికి ఈ పద్ధతి వాడారు. ఏయే మందులు పనిచేస్తాయో కూడా ఇలాంటి ఎలకల మీదే పరీక్షించారు.

అమ్మాయి ఇది చెప్తుంటే అత్తగారు కూడా వింటున్నారు. మంచం మీద పడుకుని, కళ్ళు మూసుకుని. నిద్రపోతున్నారనుకున్నాం.

"ఆ ఎలక ఒంటి మీద గాయం ఉందా?" అన్నారు ఉన్నట్టుండి.

"వీపు మీద సూది గుచ్చిన చోటే, అదీ మానిపోతుంది నానమ్మా. ఒళ్ళంతా మామూలుగానే ఉంటుంది."

"మరి దానికి నొప్పి ఉందని ఎలా తెలిసింది? అది చెప్పలేదు కదా."

"సన్నని నైలాను దారం లాంటిదానితో తాకి చూస్తారు. ఇదివరకు ఊరుకున్నది, ఇప్పుడు అంత తేలిగ్గా తాకినా కాలు లాక్కుంటుంది. ఒక చోటే అదే పనిగా నాక్కుంటూ, కొరుక్కుంటూ పుండు చేసుకుంటుంది. అక్కడ చర్మానికి ఏ జబ్బూ ఉండదు."

అత్తగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "పాపం నోరులేనిది. అయినా దాన్ని నమ్మారే!" అన్నారు.

మా ఇద్దరికీ నోటమాట రాలేదు. మా వారు గుమ్మం దగ్గర పేపరు పట్టుకుని నిలబడి ఇదంతా విన్నారు. ఆయనా ఏమీ అనలేదు గాని, మర్నాడే నరాల డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. అత్తగారి నొప్పీ, ఎలక నొప్పీ ఒకటి కాదు. అమ్మాయి దీన్ని నాతో రెండుసార్లు చెప్పించుకుంది. సర్పి వైరస్ వల్ల వస్తుంది. చిన్నప్పుడు ఆటలమ్మ పోస్తుంది చూడండి, అదే వైరస్. ఆటలమ్మ తగ్గాక అది ఒంట్లోంచి పోదు, వెన్నెముక పక్కన నరాల మొదళ్ళలో దాక్కుంటుంది. వయసు మీదపడి ఒంట్లో శక్తి తగ్గాక, ఆ నరం దారినే బయటికి వస్తుంది. అందుకే ఒక పక్కనే, పట్టీలాగా వస్తుంది. వచ్చి, ఆ నరాన్ని పాడుచేసి పోతుంది. పాడైన నరం ఉత్తినే కబుర్లు పంపుతూ ఉంటుంది, వెన్నుపాము వాటిని ఇంకా పెద్దవి చేస్తుంది. రెండు చోట్లా దెబ్బ వేరు, కాని చర్మం మీద ఏమీ లేకుండా నొప్పి ఉండడం మాత్రం రెండు చోట్లా నిజం. అత్తగారికి కావలసింది ఆ ఒక్క మాటే.

నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు నేను ఒక పని చేశాను. అత్తగారిని కూర్చోబెట్టి, నొప్పి ఎలా ఉంటుందో మాట మాటా రాసుకున్నాను. "నొప్పి" అని ఊరుకుంటే డాక్టరుకి ఏమీ తెలియదు కదా. తెలుగులో మనకి ఎన్ని మాటలున్నాయో! పోటు, సలుపు, తీపు, మంట, గుంజు, పీకు, చురుక్కుమనడం, జివ్వుమనడం, తిమ్మిరి... ఆవిడ ఒక్కొక్కటీ ఆలోచించి, ఇది ఉంది, ఇది లేదు అన్నారు. సలుపు లేదు. పీకు లేదు. "పచ్చిమిరపకాయ రాసినట్టు మంట. మధ్యలో కరెంటు తగిలినట్టు జివ్వుమంటుంది. రాత్రి పూట ఎక్కువ. కొంగు తగిలితే చెప్పనక్కర్లేదు. చన్నీళ్ళు పడినా అంతే." ఇదంతా కాగితం మీద పెట్టాను. చోటు ఎక్కడో కూడా బొమ్మ గీశాను, ఆవిడ నోటితో చెప్పే ఇబ్బంది లేకుండా.

డాక్టరుగారు ఆడమనిషి. ఆ కాగితం రెండుసార్లు చదివారు. దూదితో తేలిగ్గా తాకి చూసి, అత్తగారు ఉలిక్కిపడగానే ఆపేశారు. "ఇది నరాల నొప్పమ్మా. సర్పి తర్వాత మూడు నెలలు దాటి ఉండిపోతే దానికి వేరే పేరే ఉంది. మీరు చెప్పిన ప్రతి మాటా నాకు పనికొచ్చింది" అన్నారు. 1975లోనే రోనాల్డ్ మెల్జాక్ అనే కెనడా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు నొప్పిని వర్ణించే 78 మాటలతో ఒక ప్రశ్నల పత్రం తయారు చేశాడని, దాన్ని ప్రపంచమంతా వాడుతున్నారని తర్వాత తెలిసింది. మన బి.ఏ. తెలుగు ఎందుకూ పనికిరాదన్నవాళ్ళకి ఈ ముక్క చెప్పాలి!

ఆవిడ రాసిన మందు ప్రీగాబలిన్, మొదట చిన్న మోతాదులో. అది గ్లూటమేట్ లాంటి కబుర్ల రసాయనాలు నరం చివరనుంచి ఎక్కువగా విడుదల కాకుండా చూస్తుందట. నేను అమ్మాయిని అడిగాను, అసలు ఆ తాళాలే మూసేసే మందు ఇస్తే పీడా పోతుంది కదా అని. "అమ్మా, అదే గ్లూటమేట్‌తోనే నువ్వు గుర్తుపెట్టుకునేది, నేర్చుకునేది, ఊపిరి పీల్చుకునేది కూడా. అన్నీ మూసేస్తే మనిషే ఉండదు" అంది. ఎన్‌ఎండీఏ తాళాన్ని మూసే మందు ఒకటి ఉంది, కీటమిన్. 1970 నుంచి అమెరికాలో మత్తుమందుగా అనుమతి ఉంది. దానివల్ల లేనిపోనివి కనపడడం లాంటి ఇబ్బందులుంటాయి కాబట్టి ఆసుపత్రిలో, డాక్టరు కళ్ళెదుట మాత్రమే ఇస్తారు. నొప్పి తాళాన్ని మాత్రం మూసి, జ్ఞాపకం తాళాన్ని వదిలేసే మందు కోసమే ఇన్నేళ్ళుగా పరిశోధనలు.

మీలో ఎవరైనా రాధామనోహరం గింజలు నొప్పికి మందనుకుంటారేమోనని గట్టిగా చెప్తున్నాను. కాదు! ఆ పదార్థం నొప్పిని తగ్గించేది కాదు, నరాన్ని రెచ్చగొట్టేది. ప్రయోగశాలలో నొప్పిని అర్థం చేసుకోవడానికి వాడతారు, అంతే. గింజలు నూరి పుయ్యడాలూ, తినడాలూ వద్దు. తింటే ఎక్కిళ్ళూ వాంతులూ వస్తాయి. ప్రీగాబలిన్ కూడా పక్కింటివాళ్ళ చీటీ చూసి కొనేది కాదు. మగత వస్తుంది, కొందరికి కాళ్ళు వాస్తాయి, ఒక్కసారిగా మానకూడదు. అత్తగారు మొదటి వారం బాత్‌రూముకి వెళ్ళాలంటే నేను పక్కన ఉండాల్సి వచ్చింది.

ఇంకో రెండు మాటలు, పెద్దవాళ్ళున్న ఇళ్ళ కోసం. సర్పి పొక్కులు కనపడగానే, మూడు రోజుల లోపల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. వైరస్‌కి మందు అప్పుడు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. జాజు పూయించుకోవాలనుకుంటే అది డాక్టరుని చూశాక. యాభై దాటినవాళ్ళకి సర్పి రాకుండా టీకా కూడా ఉంది. ఖరీదెక్కువే. మీ డాక్టరుని అడగండి. మా వారికి యాభై రెండు, ఆయనకి వేయించాం.

అత్తగారికి పూర్తిగా తగ్గిందా అని అడుగుతారు. పూర్తిగా తగ్గలేదు. పదింట ఎనిమిది అని చెప్పేవారు, ఇప్పుడు నాలుగు అంటున్నారు. రాత్రి నిద్ర పడుతోంది. మెత్తటి నూలు జాకెట్టు, లోపల పాత పంచె గుడ్డ లైనింగు వేసి కుట్టిస్తే, రెండు గంటలు ఓర్చుకుంటున్నారు. మొన్న శ్రావణ శుక్రవారం నాడు వీధి చివర పేరంటానికి నడిచి వెళ్ళొచ్చారు. శనగలు కొంగులో కట్టుకుని, ఆ కొంగు కుడిపక్కకి పట్టుకుని వచ్చారు.

ఆ పేరంటంలో ఒకావిడ మళ్ళీ అదే ప్రశ్న వేసిందట, మచ్చలు పోయాయిగా ఇంకా నొప్పేవిటని. ఇదివరకైతే తలొంచుకుని వచ్చేసేవారు. ఈసారి, "మచ్చ చర్మానిది, నొప్పి నరానిదమ్మా. నరం కనపడదు" అన్నారట. ఇంటికొచ్చి నాకు చెప్పి నవ్వారు.

2020లో నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘంవాళ్ళు నొప్పికి నిర్వచనం సవరించారు. దాని కింద రాసిన వివరణల్లో, ఒక మనిషి తనకి నొప్పిగా ఉందంటే ఆ మాటని గౌరవించాలని చేర్చారు. ఇంతమంది ప్రొఫెసర్లు కూర్చుని రాసింది చివరికి ఇదే. మనకి దీనికోసం ప్రొఫెసర్లు అక్కర్లేదు. ఇంట్లో ఎవరైనా, అమ్మో అత్తగారో, ఆడపడుచో, పనమ్మాయో, చోటు కూడా చెప్పుకోలేని నొప్పితో తిరుగుతూ ఉంటే, "ఏదీ, ఎక్కడ? ఏమీ లేదే!" అనకండి. "ఎలా ఉంది? మంటా, పోటా, సలుపా?" అని అడగండి. చెప్పింది చెప్పినట్టు ఒక కాగితం మీద రాసి, డాక్టరు చేతిలో పెట్టండి.